కింది కొస

ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోసే ఆ జట్టులో అతన్ని అందరూ క్రేను అనేవాళ్లు. పేరుకు తగ్గ ఎత్తు మాత్రం లేదు. "మా ఆయన నిలువు తక్కువ, అడ్డం ఎక్కువ" అని భార్య నవ్వేది. మెడ ఎక్కడ ఆగి భుజం ఎక్కడ మొదలవుతుందో తెలియని ఒళ్లు. అరచేతులు చెక్కలా గట్టిపడి, సిగరెట్టు నిప్పు తగిలినా ఉలిక్కిపడేవి కావు.

మెట్ల మీదుగా బీరువా ఎక్కించాలంటే ఇద్దరు కావాలి. పై కొస పట్టినవాడు వెనక్కి అడుగులేస్తూ దారి చెబుతాడు. కింది కొస పట్టినవాడు బరువు మోస్తాడు. మలుపు దగ్గర బీరువా నిలువుగా లేచేసరికి దాని భారమంతా జారి కిందివాడి రొమ్ము మీదికే వస్తుంది. ఎదురుగా చెక్క తప్ప వాడికి ఇంకేమీ కనపడదు. పైనున్నవాడి మాటే వాడి కళ్లు. క్రేను ఎప్పుడూ కింది కొసే పట్టేవాడు. పై కొస బావమరిదిది, అంటే భార్య తమ్ముడిది. చువ్వలా సన్నగా ఉండే ఆ తమ్ముణ్ణి ఈ పనిలోకి తెచ్చింది క్రేనే. "వాడికేమన్నా అయితే వాళ్లక్క నా దుంప తెంచుతుంది" అని ఆ భారం తన మీద వేసుకున్నాడు. అది పైకి చెప్పే సాకు. అసలు సంగతి, పై నుంచి "బావా, ఎడమకి... ఇంకాస్త... భేష్" అని వినపడుతుంటే, తన రొమ్ము మీద అంత బరువు ఆగి నిలబడుతుంటే, అతనికి అదో తృప్తి. పిల్లల్లేని ఆ ఇంటికి, పెళ్లై వేరే కాపురం పెట్టినా, బావమరిదే కొడుకు, స్నేహితుడు, పోట్లాడటానికి మనిషి కూడా.

నొప్పి నడుములో మొదలైందని డాక్టరుతో చెప్పాడు గానీ, నిజానికి అతను ముందు గమనించింది కాలినే. లారీ దిగుతుంటే పిరుదు దగ్గర్నుంచి పిక్క దాకా ఎవరో తీగ బిగించి లాగినట్టయింది. తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. "పట్టేసింది" అన్నాడు. "పట్టేసి ఉంటుంది" అన్నారు జట్టులో అందరూ. ఆ పనిలో ఎవరికో ఒకరికి ఏదో ఒకటి పట్టేస్తూనే ఉంటుంది. మందు రాసుకున్నాడు, బెల్టు బిగించాడు, మళ్లీ మోశాడు. దగ్గితే కాల్లో కరెంటు కొట్టేది. లారీలో కూర్చుంటే ఎక్కువయ్యేది, నిలబడితే కాస్త నయం. అందుకని మిగతావాళ్లంతా కూర్చుని తింటుంటే అతను లారీకి ఆనుకుని నిలబడి తినేవాడు.

ఊళ్లో ఎముకలు విరిచి సరిచేసే మనిషి ఒకడున్నాడు. వేళ్ల నుంచి మెడ దాకా అన్నీ టకటకమనిపిస్తాడని అతనికి టకటకాయన అని పేరు. క్రేను అతని దగ్గరికి వెళ్లాడు. టకటకాయన అతన్ని బల్ల మీద పక్కకి పడుకోబెట్టి, మోకాలు నడుముకి ఆనించి, భుజాన్ని ఒకవైపు, తుంటిని ఇంకోవైపు ఒక్కసారి మెలితిప్పాడు. పెద్ద చప్పుడైంది. "జారిన పూస కూర్చుంది, వెళ్లు" అన్నాడు. ఆ సాయంత్రం ఒళ్లు దూదిపింజలా ఉంది. పొద్దున లేచేసరికి ప్యాంటులో కాలు పెట్టుకోలేకపోయాడు. మంచం పట్టె పట్టుకుని, పళ్లు బిగించి, చెమటలు కక్కుతున్న మొగుణ్ణి భార్య చూసింది. ఆమె లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఆ రోజు పనికి సెలవు పెట్టి, వద్దంటున్నా వినకుండా ఆస్పత్రికి లాక్కుపోయింది.

డాక్టరు నడివయసు ఆవిడ. గొంతు కాస్త గరుకు. అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు మెల్లగా పైకెత్తింది. కాలు మంచం మీంచి ఇంత లేచిందో లేదో క్రేను కేక పెట్టాడు. తర్వాత బొటనవేలు మీద తన వేలు పెట్టి "పైకి నెట్టండి" అంది. నెట్టాడు. మడమల మీద నడిపించింది, మునివేళ్ల మీద నడిపించింది. పాదం మీద అక్కడక్కడా దూదితో తాకి తెలుస్తోందా అని అడిగింది.

"బలం ఉంది. అది మంచి మాట" అంది. "ఏం పని చేస్తారు?"

"సామాన్లు మోస్తానండి. బీరువాలూ మంచాలూ."

"లారీలో రెండు బీరువాలు పక్కపక్కన పెట్టేటప్పుడు మధ్యలో ఏం పెడతారు?"

"దుప్పట్లు మడిచి పెడతామండి. రాసుకోకుండా."

"మీ వెన్నులో పూసకీ పూసకీ మధ్య కూడా అలాంటి మెత్తలే ఉంటాయి. చుట్టూ గట్టి పట్టీ, లోపల జిగట ముద్ద. ఏళ్ల తరబడి వంగి, వంగినవాళ్లు వంగినట్టే పక్కకి తిరిగి బరువులెత్తితే ఆ పట్టీ కొద్దికొద్దిగా చిట్లుతుంది. ఒకరోజు లోపలి ముద్ద బయటికి పొడుచుకొస్తుంది. సరిగ్గా అక్కడే కాల్లోకి దిగే నరం ఉంది. దాన్ని నొక్కుతోంది. దెబ్బ నడుములో, ఏడుపు కాల్లో."

"జారిపోయిందన్నాడండీ ఆయన. మళ్లీ లోపలికి నెట్టేస్తే సరిపోదా?"

"అది సబ్బుముక్క కాదు జారడానికి, నెట్టడానికి" అందావిడ. "దానంతటదే ఎండి కుంచించుకుపోతుంది చాలామందిలో. వారాలు పడుతుంది. అంతవరకూ మనం దాన్ని రెచ్చగొట్టకూడదు, అంతే. ఆ విరిచేవాడి గడప తొక్కకండి."

ఇంతలో భార్య మందులు తేవడానికి చీటీ పట్టుకుని బయటికెళ్లింది. డాక్టరమ్మ మిగతావన్నీ అతనికే చెప్పింది. మంచానికి అతుక్కుపోవద్దు, ఒకటి రెండు రోజులు ఓర్చుకుని లేచి నడవాలి. పడుకుంటే మోకాళ్ల కింద దిండు పెట్టుకోవాలి. ఎక్కువసేపు కూర్చోకూడదు. సిగరెట్టు మానాలి, ఆ మెత్తలకి అందే కాస్త తిండినీ పొగ ఆపేస్తుంది. నొప్పి తగ్గాక నడుముకీ పొట్టకీ బలమిచ్చే కసరత్తులు నేర్పిస్తారు. బరువు జోలికి మాత్రం తను చెప్పేదాకా పోకూడదు. ఇవన్నీ చెప్పి, కుర్చీ కాస్త ముందుకి జరుపుకుని గొంతు తగ్గించింది.

"ఇంకొకటి. ఇది మర్చిపోకండి. కూర్చునే చోట, తొడల మధ్య, తిమ్మిరెక్కినట్టు స్పర్శ పోయినా, ఉచ్చ బిగబట్టినట్టు రాకపోయినా, తెలియకుండా పోయినా, పాదం మాట వినకపోయినా, తెల్లారేదాకా ఆగొద్దు. ఆ నిమిషమే వచ్చెయ్యండి. వెన్ను చివర నరాలన్నీ కుచ్చులా దిగుతాయి. ఆ కుచ్చు మొత్తం నలిగితే మాకు గంటలే ఉంటాయి, రోజులుండవు. సిగ్గుపడతారు జనం. సిగ్గుపడితే పోతుంది."

క్రేను చెవుల దాకా ఎర్రబడి నేల చూశాడు. ఆడమనిషి, తన వయసే ఉంటుంది, అంత మాట నోటితో అనేసింది. మందులు తీసుకుని భార్య లోపలికొచ్చి "ఏమన్నారండీ?" అంది.

"నడవమన్నారు, మాత్రలిచ్చారు" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

మాత్రలు పనిచేశాయి. నడక కూడా పనిచేసింది. మొదట గుమ్మం దాకా, తర్వాత వీధి చివరి దాకా, ఆ తర్వాత బస్సులు తిరిగే రోడ్డు దాకా. పిక్కలో తీగ రోజురోజుకీ వదులైంది. ఒక పొద్దున బూటు లేసు తనే కట్టుకున్నాడు. సిగరెట్లు మానలేదు గానీ భార్య ఎదురుగా మానాడు. ఆస్పత్రిలో నేర్పిన కసరత్తు, నేల మీద చేతులూ మోకాళ్లూ ఆనించి ఒక చెయ్యీ ఎదురుకాలూ చాపేది, చేస్తుంటే భార్య గుమ్మంలో నిలబడి "కాళ్లు ఊడిన బల్లలా ఉన్నారు" అని నవ్వింది. అతనూ నవ్వాడు. ఆ ఇంట్లో మనసారా నవ్విన ఆఖరి రోజుల్లో అదొకటి.

మనిషి నెమ్మదిస్తున్నాడనగా ఒక ఆదివారం బావమరిది వచ్చాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "నీ చోట్లో కొత్తవాణ్ణి పెట్టారు బావా. దున్నపోతులా ఉన్నాడు. కింది కొస పట్టి ఊపిరి తీసుకోకుండా ఎక్కేస్తాడు" అన్నాడు. అతనికి ఇంకేం ఉద్దేశం లేదు. పనికి ఇబ్బంది లేదులే, నువ్వు నిదానంగా రా అని చెప్పడానికే ఆ మాటన్నాడు. "నువ్వు లేకపోయినా బండి నడుస్తోంది. హాయిగా పడుకో."

క్రేనుకి ఆ రాత్రి అన్నం సహించలేదు. నువ్వు లేకపోయినా అన్న మాట రొమ్ము మీద కూర్చుంది. తనే లేకపోతే ఆ మెట్ల మీద ఏం జరుగుతుందోనని ఇన్నాళ్లూ దిగులు పడ్డాడు. ఏమీ జరగలేదట.

మర్నాడు భార్య లాండ్రీకి వెళ్లగానే చొక్కా తొడుక్కుని పనిలోకి వెళ్లిపోయాడు. జట్టు యజమాని "డాక్టరు సరేనందా?" అని అడిగాడు. "అంది" అన్నాడు. ఆ రోజు ఒక పాత భవనంలోంచి ఇనప్పెట్టె దించాలి. కొత్తవాడు కింది కొస వైపు నడుస్తుంటే క్రేను అతని భుజం మీద చెయ్యేసి పక్కకి జరిపాడు. బావమరిది "బావా, వద్దు" అన్నాడు. "పట్టు" అన్నాడు క్రేను. దించారు. మెట్టు మెట్టుకీ పైనుంచి ఆ గొంతు వినపడింది. "నెమ్మది... కుడికి... ఆగు..." ఇనప్పెట్టె లారీలో కూర్చున్నాక అందరూ చప్పట్లు కొట్టారు. అతనికి ఏమీ కాలేదు. ఇంటికొచ్చి భార్య చేత తిట్లు తిని, ఆ తిట్లు తింటూనే నవ్వి, గాఢంగా నిద్రపోయాడు.

పొద్దున ముఖం కడుక్కోవడానికి వంగి, తుమ్మాడు.

అంతే. మామూలు తుమ్ము. నడుములో ఏదో మెత్తగా చిరిగినట్టయింది. గోడ పట్టుకున్నాడు. కాసేపటికి నిటారుగా నిలబడ్డాడు. ఆశ్చర్యం, కాల్లో నొప్పి లేదు. ఇన్నాళ్లూ ఏదో ఒక మూల సలుపుతూనే ఉన్న తీగ తెగిపోయినట్టు పూర్తిగా ఆగిపోయింది. "నొప్పి పోయిందే!" అని వంటింట్లోకి వినపడేలా అరిచాడు. "పోనీలెండి, బతికించారు" అంది భార్య, లాండ్రీకి వేళవుతోందని పరుగులు పెడుతూ.

ఆమె వెళ్లాక కుర్చీలో కూర్చున్నాడు. కింద ఏదో గుడ్డ మడత ఉన్నట్టనిపించి లేచి చూశాడు. ఏమీ లేదు. మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ గుడ్డ మడత. కాసేపటికి బాత్రూంకి వెళ్లి నిలబడ్డాడు. రాలేదు. కుళాయి తిప్పి నీళ్ల చప్పుడు వింటూ నిలబడ్డాడు. రాలేదు. పొద్దుట్నుంచీ నీళ్లు తాగలేదు, అందుకే అనుకున్నాడు. నీళ్లు తాగాడు. పొట్ట బిగిసింది గానీ పని కాలేదు.

డాక్టరమ్మ మాట గుర్తు రాకపోవడమేమిటి, అక్షరం అక్షరం గుర్తొచ్చింది. ఆ గరుకు గొంతుతో సహా. కానీ ఎవరితో చెప్పాలి? ఏమని చెప్పాలి? బావమరిదికి ఫోను చేసి ఉచ్చ రావట్లేదురా అనాలా? నిన్న ఇనప్పెట్టె దించిన మనిషి! ఆస్పత్రికి వెళ్తే ఆవిడ ముందు ప్యాంటు విప్పాలి, అక్కడ తాకి చూస్తారు. సాయంత్రానికి సర్దుకుంటుందనుకున్నాడు. సాయంత్రం భార్య వచ్చి "ఎలా ఉంది?" అంటే "బ్రహ్మాండంగా ఉంది, నొప్పే లేదు" అన్నాడు. అది అబద్ధం కూడా కాదు.

మర్నాడు పొద్దున భార్య నడవాలో అతని చెప్పు ఒకటి పడి ఉండటం చూసింది. ఒక్కటే. అతను అప్పటికే హాల్లో నిలబడి ఉన్నాడు, ఒక కాలికి చెప్పు, ఒక కాలు ఉత్తది. ఆ సంగతి అతనికి తెలియదు.

"రెండో చెప్పు ఏదండీ?" అంది.

అతను కిందికి చూసుకున్నాడు. రెండు పాదాలకేసీ మార్చి మార్చి చూశాడు. "ఉంది కదా" అనబోయి ఆగిపోయాడు.

ఆమె దగ్గరికొచ్చి పాదం మీద గిల్లింది. అతను పలకలేదు. పొట్ట మీద చెయ్యేసింది. రాయిలా ఉంది. "ఇదేంటి? ఏమైంది? ఏం దాస్తున్నారు?" అంది. "ఏం లేదు, నీ పని చూసుకో" అని కసిరాడు. ఆమె కదల్లేదు. ఆ మొహంలోకి చూడలేక గోడకేసి తిరిగి చెప్పాడు. నిన్న పొద్దుట్నుంచి రాలేదని. కూర్చుంటే తెలియడం లేదని. చెప్పాక పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

బావమరిది జట్టు లారీ తీసుకుని వచ్చాడు. సీట్లో కూర్చోలేడని వెనక దుప్పట్లు పరిచి, అతన్ని ఇద్దరు పట్టి అందులో పడుకోబెట్టారు. చుట్టూ కట్టే తాళ్లు, కింద దుప్పట్ల దుమ్ము. మలుపుల్లో దొర్లకుండా బావమరిది అతని పక్కన కూర్చుని భుజాలు పట్టుకున్నాడు. "గీత పడకుండా దించండ్రా" అన్నాడు క్రేను. 

ఆస్పత్రిలో ముందు గొట్టం వేసి పొట్ట తేలిక చేశారు. సంచీ నిండుతుంటే భార్య అటు తిరిగి నిలబడింది. స్కానింగు తీశారు. డాక్టరమ్మ ఆ ఫిల్మును వెలుతురుకి పట్టి చూసి, "ఎప్పట్నుంచి?" అంది.

"నిన్న పొద్దుట్నుంచండి."

ఆవిడ "వెంటనే ఆపరేషను" అంది భార్యతో. "ముక్క పెద్దది విరిగి నరాల కుచ్చు మీద పడింది. అది తీసేస్తాం. తీశాక నరాలు ఎంతవరకు తేరుకుంటాయో అవే చెప్పాలి. నేను ఆయనకి చెప్పాను, ఇలా అయితే ఆ నిమిషమే రమ్మని."

భార్య మొగుడికేసి చూసింది. "మీకు చెప్పారా?" అంది. అతను కళ్లు మూసుకున్నాడు.

ఆపరేషను బాగానే జరిగింది. అందరూ అదే మాటన్నారు, బాగానే జరిగిందని. నడుము మీద వేలెడంత కుట్టు. నొప్పి పోయింది, మళ్లీ రాలేదు. మర్నాడే లేపి నిలబెట్టారు. నిలబడ్డాడు. అడుగు వేస్తే ఎడమ పాదం లేవలేదు. మునివేళ్లు కిందికి వేలాడి నేలకి రాసుకున్నాయి. పడిపోకుండా మోకాలు ఎత్తి ఎత్తి వెయ్యాల్సి వచ్చింది. వేసినప్పుడల్లా పాదం నేలని చరిచినట్టు టప్పుమనేది. బూటు లోపల పెట్టుకోవడానికి ప్లాస్టిక్ తొడుగు ఒకటి ఇచ్చారు. మూత్రం సంగతి నర్సు నేర్పింది. సన్నటి గొట్టం, సబ్బు, అద్దం, వేళకి వేళకి. "అలవాటవుతుంది" అందామె. కొందరికి నెలలు గడిచాక తిరిగొస్తుందని కూడా అంది. అతనికి కొంత తిరిగొచ్చింది, కొంత రాలేదు. కూర్చున్నచోట కొంచెం వెచ్చదనం, చల్లదనం తెలుస్తాయి. గొట్టం తప్పలేదు. మొగుడూ పెళ్లాలకు సంబంధించిన మిగతా సంగతి డాక్టరు చెప్పలేదు, వాళ్లు అడగలేదు, వాళ్లకే తెలిసింది.

ఇంటికొచ్చిన వారానికి భార్య నోరు విప్పింది. అంతవరకూ అన్నం పెట్టింది, దుప్పటి మార్చింది, మాట్లాడలేదు.

"నాతో చెప్పి ఉంటే నేను భుజాన వేసుకుని తీసుకుపోయేదాన్ని" అంది. "ఒక్క మాట. నేనేమన్నా పరాయిదాన్నా? పక్కింటిదాన్నా?"

"సిగ్గేసింది."

"ఇప్పుడేం మిగిలింది సిగ్గుకి?" అని ఆమె చేతిలో ఉన్న గిన్నె నేలకేసి కొట్టింది. అది దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. వంగి తియ్యబోయాడు. "వంగకండి!" అని అరిచింది. ఆ అరుపుకి ఇద్దరూ బిగుసుకుపోయారు. గిన్నె సాయంత్రం దాకా అక్కడే ఉంది.

యజమాని చెడ్డవాడు కాదు. క్రేనుకి వేరే పని ఇచ్చాడు. ఇల్లు మారేవాళ్ల దగ్గరికి ముందుగా వెళ్లి, ఏ సామాను ఏ తలుపులోంచి పడుతుంది, ఏది విప్పాలి, ఎంతమంది కావాలి అని చూసి రావడం. తర్వాత సామాను దిగేటప్పుడు కింద నిలబడి చూసుకోవడం. ఊతకర్ర ఒకటి పట్టుకుని టప్పు టప్పుమంటూ తిరిగేవాడు. మెట్ల దగ్గర నిలబడి ఇంకొకరు మొయ్యడం చూడటం అతనికి చావుతో సమానంగా ఉండేది. చూస్తూ చూస్తూ మొదట్లో ఊరుకున్నాడు. తర్వాత ఊరుకోలేకపోయాడు.

"వంగకండ్రా, కూర్చుని ఎత్తండి. మోకాళ్లు దేనికున్నాయి?" "అంత దూరంగా పట్టుకుంటావేం, ఒంటికి ఆనించుకో." "నడుం తిప్పకు, అడుగు తిప్పు." "బీరువా సొరుగులు తియ్యండి, తలుపులు విప్పండి, ఉత్త డొల్ల మొయ్యండి." పట్టీలు కొనిపించాడు, చక్రాల బండి కొనిపించాడు. జట్టువాళ్లు నవ్వుకునేవాళ్లు. "క్రేనుగారు ప్రవచనం మొదలెట్టారు" అనేవాళ్లు. స్క్రూలు విప్పుతూ కూర్చుంటే పొద్దు కుంకుతుంది అనేవాళ్లు. దున్నపోతులాంటి ఆ కొత్తవాడు వేరే ఊరు వెళ్లిపోయాడు. ఇప్పుడు కింది కొస బావమరిది పడుతున్నాడు. బావ బరువు తను మొయ్యాలని అతనికి అతనే తీర్పు చెప్పుకున్నాడేమో. ఆ ఆదివారం మాట ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు.

వానలు మొదలైన రోజుల్లో క్రేను ఒకటి గమనించాడు. అందరూ లారీ నీడన కూర్చుని తింటుంటే బావమరిది నిలబడి తింటున్నాడు. లారీకి ఆనుకుని, ఒక కాలు మీద బరువు వేసి. క్రేను ఏమీ అనకుండా నాలుగు రోజులు కనిపెట్టి చూశాడు. దగ్గినప్పుడు మొహం చిట్లించడం, లారీ దిగేటప్పుడు తలుపు పట్టుకుని ఆగడం.

"కాలు లాగుతోందా?" అని అడిగాడు.

"లేదు బావా."

"అబద్ధం."

"పట్టేసింది. తగ్గిపోతుంది. టకటకాయన దగ్గరికెళ్లొస్తా రేపు."

ఆ రోజు మూడంతస్తుల ఇల్లు. అద్దాల బీరువా పైకెక్కాలి. బావమరిది తాడు భుజానికి తగిలించుకుని కింది కొస వైపు వంగాడు. క్రేను మెట్లకి అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు.

"జరుగు బావా."

"జరగను."

"జనం చూస్తున్నారు. పరువు తియ్యకు."

"పరువా?" అన్నాడు క్రేను. గొంతు అతనిది కాదన్నట్టుంది. జట్టంతా ఉంది, యజమాని ఉన్నాడు, ఇంటావిడ గుమ్మంలో ఉంది. "నా పరువు చెప్పనా? ఒరేయ్, నాకు ఉచ్చ రాదురా. గొట్టం పెట్టుకుంటే గానీ రాదు. ఇప్పుడు కూడా జేబులో ఉంది, చూస్తావా? పొద్దున నాలుగు తుంపర్లు రాకపోతే మీ అక్కతో చెప్పడానికి సిగ్గుపడి రోజంతా ఇంట్లో దాక్కున్నాను. ఆ ఒక్క రోజుకే ఈ కాలు పోయింది, అదీ పోయింది, మీ అక్క మొహంలో నవ్వూ పోయింది. అద్దాల బీరువా మొయ్యి. మోసి, రేపు తుమ్ము. మొయ్యరా!"

 ఇంటావిడ లోపలికెళ్లిపోయింది. బావమరిది తాడు భుజం మీంచి తీసి మెట్టు మీద పెట్టాడు. మొహం కందగడ్డలా ఉంది. బావ కళ్లలోకి చూడకుండా వీధిలోకి నడిచాడు. క్రేను కర్ర ఊపుకుంటూ వెనకే పోయాడు. ఆస్పత్రి దాకా ఇద్దరూ అలాగే నడిచారు.

అదే డాక్టరమ్మ. అదే బల్ల. కాలు ఎత్తింది, బొటనవేలు నెట్టించింది. "తొందరగా వచ్చారు" అంది. ఆ మాట వినగానే క్రేను బయటి వరండాలోకి వెళ్లి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. లోపల ఆవిడ బావమరిదికి చెబుతున్నవన్నీ అతనికి కంఠతా వచ్చినవే. తనకప్పుడు చెప్పినట్టే చివర్లో గొంతు తగ్గింది. తలుపు సందులోంచి బావమరిది "అలాగేనండి, మా ఆవిడకి కూడా చెబుతాను" అనడం వినపడింది.

బావమరిదికి ఆపరేషను అవసరం పడలేదు. నడిచాడు, కసరత్తులు చేశాడు, వేసవి వచ్చేసరికి కాలు పూర్తిగా తేలికపడింది. కానీ జట్టులోకి తిరిగి రాలేదు. రంగులు, మేకులు అమ్మే దుకాణంలో చేరాడు. మొదట్లో ఆదివారాలు వచ్చేవాడు. తర్వాత నెలకోసారి, తర్వాత పని పడితే. తన ప్రాణం కాపాడాడని బావ మీద అతనికి కృతజ్ఞత ఉండే ఉంటుంది. కానీ అందరి ముందూ బావ అంత మాట అనాల్సొచ్చింది తన మూలానేనని, ఆ మాట విన్న చెవులతో బావ ఎదురుగా కూర్చోలేనని అక్కతో అన్నాడట. అక్క అది మొగుడికి చెప్పింది. క్రేను "వాడు నడుస్తున్నాడుగా" అన్నాడు. 

జట్టులో కొందరు ఇప్పుడు బీరువా సొరుగులు తీసి మోస్తారు. కొందరు తియ్యరు. అతను చెప్పడం మానలేదు గానీ గొంతు తగ్గింది. క్రేను అని పిలిచేవాళ్లు కూడా తగ్గారు. కొత్తగా చేరినవాళ్లకి ఆ పేరు ఎందుకొచ్చిందో తెలియదు. కర్ర పట్టుకుని తిరిగే ఈ మనిషికి ఆ పేరేమిటని వాళ్లలో వాళ్లు నవ్వుకుంటారు.

డాక్టరు రోజూ నడవమంది కాబట్టి సాయంత్రం లాండ్రీ నుంచి రాగానే భార్య చీర కొంగు దోపుకుని గుమ్మంలో నిలబడుతుంది. అతను తొడుగు బిగించుకుని బయల్దేరతాడు. ఆమె ఎప్పుడూ ఎడమ పక్కనే నడుస్తుంది, తూలితే పట్టుకోవడానికి. రోజంతా ఇస్త్రీ పెట్టె పట్టిన ఆ చేతికి ఆవిరి వాసన. దారిలో ఎక్కువ మాటలుండవు. దుకాణాల దీపాలు, పక్కనుంచి పోయే సైకిళ్లు, అతని పాదం చప్పుడు. ఆ సాయంత్రం చినుకు పడేలా ఉంటే రోడ్డు చివర ఆగారు.

"ఇంకా కోపం పోలేదా?" అన్నాడు.

"పోలేదు" అంది.

"పోతుందా?"

ఆమె ఆకాశం కేసి చూసి, అతని మోచెయ్యి పట్టుకుని ఇంటివైపు తిప్పింది.

"వాన వచ్చేలా ఉంది, నడవండి" అంది.